కొన్నది మనదేనా?

దొంగ యింటజొచ్చి పుస్తకము నెత్తుకొనిపోవుట మే మెరుగుదుము. అమ్మినవాడే యెత్తుకొనిపోవుట 2009 జూలైలో వింటిమి. అమెరికాలో అమెజాన్ సంస్థ, ప్రచురణహక్కు లేనివారు వానిని చేర్చిరని తెలిసినంతనే, పాఠకుల కిండిల్ యంత్రములనుండి ఆర్వెల్ గ్రంథములను వారి యనుమతి లేకయే తుడిచివేసెను. అం దొకటి ‘1984’: ప్రభుత్వము తనకు గిట్టని వ్రాతలను రూపుమాపు కథ! ఇంతకు మించిన ప్రహసనము మన నాటకకర్తలకును దోపదు.

వెల తిరిగి యిచ్చిరి. అధిపతి బెజోస్ క్షమాపణమును గోరెను. రోగము మాత్రము కుదురలేదు. 2025 నుండి అమలైన కాలిఫోర్నియా శాసనము, ఇట్టి డిజిటల్ సరకును ‘కొనుడు’ అని యమ్మువారు, అది యనుమతి మాత్రమేయని స్పష్టముగా జెప్పవలెనన్నది. సత్యము చెప్పించినది, సొత్తు నిప్పింపలేదు.

మన శాసనకర్తలు ఆ సత్యమునైనను జెప్పింతురా? అందాక, చెదలు తినిననుసరే, అమ్మినవాడు తుడువజాలని కాగితపు పుస్తకమునే మేము నమ్ముకొందుము.