ఒకే ప్రజ, రెండు తీర్పులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రతి రాష్ట్రమునకును దేశపతాకముతోపాటు తనదైన పతాకమొకటి కలదు. వానిలో పెక్కింటిని జనులు తలయెత్తియైనను చూడరు. మిసిసిపీ పతాకము మాత్రము ఇరువదియేండ్లు ఆ రాష్ట్రమును రెండు పక్షములుగా చీల్చి, తుదకు 2020లో స్తంభము దిగినది.

ఆ పతాకము 1894లో పుట్టినది. నీలము, తెలుపు, ఎరుపు అడ్డపట్టీలపై, కఱ్ఱవైపు పైమూలను, ఎఱ్ఱని చదరములో 13 తెల్లని చుక్కలు పొదిగిన నీలి ఇంటూగుర్తు ఉండెడిది. బానిసత్వమును నిలుపుకొనుటకై 1861–65 నాటి అంతర్యుద్ధమున పోరిన దక్షిణసేనల రణచిహ్నమదియే. నల్లజాతివారి ఓటుహక్కును ఉపాయముగ ఊడబెరికిన 1890 నాటి రాష్ట్ర రాజ్యాంగమునకు నాలుగేండ్ల పిమ్మట ఈ పతాకము వెలసెనని యెఱిగినవారికి, జనాభాలో మూడవవంతునకు మించిన ఆ జాతివారు దానినిచూచి యేల కుములుచుండిరో వేఱుగ చెప్పనక్కఱలేదు. అది తాతల పౌరుషమునకు స్మారకమని మఱికొందఱు వాదించిరి.

1906లో శాసనసంపుటిని తిరుగవ్రాసినపుడు పతాకశాసనము జాఱిపోయెననియు, నాటినుండి దానికి చట్టబలమే లేదనియు 2000లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చుటతో వివాదము రచ్చకెక్కెను. మాజీ గవర్నరు విలియం వింటర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము బహిరంగసభలు జరిపి, క్రొత్త నమూనానొకటి సిద్ధపఱచగా, పాతదా, క్రొత్తదా యని 2001 ఏప్రిలులో ఓటర్లనడిగిరి. నూటికి 64 మంది పాతదియే కావలెననిరి.

2020లో జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసుల చేతిలో మరణింపగా దేశమంతట రేగిన ఆందోళనము మిసిసిపీని తాకెను. ఆ చిహ్నమున్నంతవఱకు తమ ముఖ్యపోటీలను అచట జరుపబోమని కళాశాలల జాతీయ క్రీడాసంఘము తెగేసిచెప్పెను. బాప్టిస్టు మతపెద్దలు సైతము మార్పును కోరిరి. జూన్ 28న ప్రతినిధిసభ 91–23, సెనేటు 37–14 ఓట్లతో పాతపతాకమును తొలగింప, రెండు దినములకు గవర్నరు టేట్ రీవ్స్ సంతకము చేసెను.

క్రొత్తదానికి చట్టము విధించిన నియమములు రెండు: పాత రణచిహ్నము ఉండరాదు, ‘దేవునియందే మా విశ్వాసము’ అను నినాదము ఉండితీరవలెను. పతాకముపై అక్షరములు తగవనియు, పసివాడుసైతము జ్ఞాపకముంచుకొని గీయగలిగినదే మేలనియు పతాకరచన నెఱిగినవారు చెప్పుదురు. పలుచని బట్టపై వ్రాత వెనుకనుండి ఎదురుతిరిగి కనబడును గదా! రాజకీయపు రాజీముందు ఆ సూత్రము తలవంచెను. దాదాపు 3,000 నమూనాలు వచ్చిపడగా, చుక్కల వలయము నడుమ దోమబొమ్మ గీసిన ఒక చమత్కారి చిత్రము పొరపాటున తొలి వడపోతను దాటి, జనులను కడుపుబ్బ నవ్వించి, వెంటనే తొలగింపబడెను. కాగితముమీది సొగసు గాలిలో నిలుచునో లేదో చూచుటకై తుది అయిదింటిని బట్టపై కుట్టించి, జాక్సన్ నగరమున పాత శాసనభవనము ముందర ఎగురవేసిరి. తుదకు నిలిచినది మాగ్నోలియా పువ్వు. దానిచుట్టును 20 తెల్లని చుక్కలు మిసిసిపీ ఇరువదవ రాష్ట్రమని తెలుపగా, పైనున్న బంగారు తార అచటి ఆదివాసులను స్మరింపజేయును. నవంబరులో ఓటర్లు నూటికి 70 మందికిపైగా దానికి సమ్మతించిరి.

ఇరువది యేండ్లలో తరము కొంత మాఱినమాట నిజమే. కాని అడిగిన ప్రశ్నయు మాఱినది. 2001లో క్రొత్తదానికి ఓటువేయుట తాతలను కాదనుటగా తోచెను. 2020 నాటి పత్రముపై పాతది లేనేలేదు, ఈ పువ్వు సమ్మతమా కాదా యనునదొక్కటియే ప్రశ్న. మమ్ము అడుగక దించిరని కొందఱు నొచ్చుకొనిరి. ఆ నొప్పిని తేలికగ త్రోసివేయరాదు. అయినను, సాటిపౌరుని గౌరవమును తలలెక్కకు విడిచిపెట్టుట న్యాయము కాదు. దానిని కాపాడుట శాసనకర్తల విధి. రంగులు, పువ్వులు, చుక్కలు ప్రజల అభిరుచికి చెందినవి; వానికి ఓటుపెట్టె చాలును.