ప్రపంచ సంతలో హోసూరు, కృష్ణగిరి

'ప్రపంచ ఆర్థిక వ్యవస్థ' అన్న మాట కనబడగానే మనలో చాలామంది పేజీ తిప్పేస్తారు. అదేదో ఢిల్లీ, న్యూయార్కుల గొడవ, మనకెందుకులే అనిపిస్తుంది. కానీ మన తెలుగువాళ్లు తరతరాలుగా కాపురముంటున్న హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలను చూస్తే, ఆ గొడవ ఎప్పుడో మన పెరట్లోకి వచ్చి కూర్చుందని తెలుస్తుంది.

1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చేదాకా హోసూరు ఒక చిన్న తాలూకా ఊరు. బెంగుళూరు 40 కిలోమీటర్ల దూరం, ఎండాకాలంలోనూ మరీ మండిపోని వాతావరణం. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. వాటికి విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న చిన్న వర్క్‌షాపులు వందల్లో పుట్టుకొచ్చాయి.

ఇందులో టైటాన్ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో పెట్టిన కంపెనీ ఇది. వాచీల్లో కొన్ని భాగాలు విదేశాల నుంచి రావాలి. వాటికి డాలర్లు కావాలి. దేశం దగ్గరేమో డాలర్లు నిండుకున్నాయి. 1991లో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టిన రోజులవి. కావలసిన డాలర్లు తామే సంపాదించుకోవాలని టైటాన్ నగల తయారీకి దిగింది. హోసూరులో చేసి యూరప్, అమెరికాలకు పంపాలన్నది ఆలోచన. తీరా అన్నీ సిద్ధమయ్యేసరికి సంస్కరణల పుణ్యమా అని దేశానికి డాలర్ల కరువు తీరింది. నగలను మన దేశంలోనే అమ్ముదామని తనిష్క్ దుకాణాలు తెరిచారు. మొదట 18 కారెట్ల నగలు పెట్టారు. 22 కారెట్లు కాని నగను మన అమ్మమ్మలు నగ అంటారా! అవి సరిగా అమ్ముడుపోలేదు. కంపెనీ దారి మార్చి 22 కారెట్లకు వచ్చింది. ఈనాడు టైటాన్ ఆదాయంలో సింహభాగం నగలదే, వాచీలది కాదు.

విదేశీ మారకద్రవ్యం కోసం పుట్టిన వ్యాపారం చివరికి మన పెళ్లిళ్ల మీద నిలబడింది. అయితే ఒకటి గమనించాలి. కంపెనీకి దారి మార్చుకునేందుకు పెట్టుబడి ఉంది, గడువు ఉంది. వర్క్‌షాపు యజమానికి అంత వెసులుబాటు ఉండదు. 2019లో వాహనాల అమ్మకాలు పడిపోయినప్పుడు అశోక్ లేలాండ్ హోసూరులో కూడా కొన్ని రోజులు పని ఆపింది. పెద్ద ఫ్యాక్టరీకి అవి సెలవు రోజులు. దాన్ని నమ్ముకున్న లేతు మిషను వాడికి మాత్రం బ్యాంకు వాయిదా ఆగదు.

ఇక గులాబీలు. ఫిబ్రవరి 14 కోసం హోసూరు పాలీహౌసుల్లో కొమ్మ కత్తిరింపు దగ్గర నుంచి అన్నీ తేదీ లెక్కనే జరుగుతాయి. ఆ రోజు దాటితే పువ్వుకు ధర ఉండదు. 2020 మార్చిలో విమానాలు, పెళ్లిళ్లు ఒకేసారి ఆగిపోయినప్పుడు కోసిన పువ్వులను ఎరువు గుంటల్లో పోశారు.

అన్నింటికన్నా కష్టం మామిడి రైతుది. కృష్ణగిరిలో ఎక్కువగా పండే తోతాపురిని మనవాళ్లు బెంగళూరా అని కూడా అంటారు. తినడానికి కొనేవాళ్లు తక్కువ. కాయంతా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. కృష్ణగిరిలోనూ, పక్కనున్న చిత్తూరు జిల్లాలోనూ తీసిన గుజ్జు గల్ఫ్ దేశాలకు, యెమెన్‌కు, నెదర్లాండ్స్‌కు ఓడల్లో వెళుతుంది. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి పోవలసి వచ్చింది. ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది, కిరాయీ పెరిగింది. 2024లో తీసిన గుజ్జు చాలా ఫ్యాక్టరీల్లో నిల్వ ఉండిపోయింది. 2025లో చెట్లేమో విరగకాశాయి. గోదాము ఖాళీ లేనివాడు కొత్త కాయ ఎందుకు కొంటాడు? కృష్ణగిరిలో తోతాపురి ధర కిలో 5 రూపాయల దరిదాపులకు దిగింది. అది కోతకూలికీ, బండి కిరాయికీ చాలదు. వర్క్‌షాపు వాడు రేపు వేరే సామాను చేయవచ్చు. కాపుకు రావడానికి ఏళ్లు పట్టే మామిడిచెట్టును ఒక ఏడు ధర లేదని మార్చలేం కదా.

దానికి తోడు సరిహద్దు చిక్కు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రైతులకు కిలోకు 12 రూపాయలు దక్కేలా ఏర్పాటు చేసింది. ఫ్యాక్టరీ 8 ఇస్తే ప్రభుత్వం 4 కలపాలన్నది అప్పటి ఏర్పాటు. ఆ మేలు బయటి కాయకు పోకూడదని, 2025 జూన్ మొదట్లో ఇతర రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా కలెక్టరు ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్ర ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. తన రైతును కాపాడుకోవడం ఏ ప్రభుత్వానికైనా ధర్మమే, తప్పు పట్టలేం. కానీ వేపనపల్లి వైపు తెలుగు రైతుకు చిత్తూరు ఫ్యాక్టరీ పరాయిది కాదు. అతని వియ్యంకులు కుప్పంలో ఉంటారు. ఆ వేసవిలో పెళ్లి పిలుపులు ఎప్పటిలాగే సరిహద్దు దాటాయి, కాయ లోడు మాత్రం చెక్‌పోస్టు దగ్గర ఆగింది. ఒకే జాతి చెట్టు, ఒకే భాష మాట్లాడే రైతు. అటువైపు కిలో 12 రూపాయలు, ఇటువైపు 5.