బరువెత్తు చేయి, బరువు మోయు మనస్సు

ముగ్గు పెట్టుటలో ఆరితేరిన యిల్లాలి చేయి, పొరుగమ్మలు వచ్చి చూచుచు నిలిచినంతనే చుక్క తప్పుట మనమందరము ఎఱిగినదే. నేర్చిన విద్య యెచ్చటికిని పోలేదు; మనస్సు గీతను విడిచి చూచువారి వంకకు పోయినది. క్రీడాకారులకు అకస్మాత్తుగా ఆట తప్పుటయు నిట్టిదే.

మన శ్రీకాకుళము సీమలో, ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో బరువులెత్తుటయందు ప్రపంచ విజేత. పిదప అట్టి జయము మరల రాలేదు. 1998 ఆసియా క్రీడలలో 63 కిలోల తరగతిలో రజతము వచ్చినను, ఆమె లావెక్కినదనియు, పని అయిపోయినదనియు పత్రికలలో వ్రాసిరి. స్త్రీ యొడలిని గూర్చి వ్రాయుటకు కలములెంత త్వరపడునో! మేము దానిని పతనమని తలంపము. తరగతి మారినచో ఎదుటివారు మారుదురు, ఎత్తవలసిన బరువు పెరుగును. వచ్చిన విద్యనే క్రొత్తగా నేర్వవలెను.

2000 సెప్టెంబరు 19న సిడ్నీలో ఆమె 69 కిలోల తరగతిలో నిలిచెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు ఈ పోటీ పెట్టుట అదియే మొదలు. పిలుపు వచ్చిన పిదప గడువు ఒక్క నిమిషము. అప్పుడు పత్రికల మాటలు తలపునకు వచ్చెనా, చేయి తప్పును. ఒక్క ఊపున తలపైకి 110, భుజములపై ఆపి పైకెత్తినది 130, మొత్తము 240 కిలోలు. కడపటి యత్నమునకు 137.5 కోరెను. అది నిలిచినచో స్వర్ణమే, నిలువలేదు. పని అయిపోయినదని నమ్మిన మనస్సు అంతటి బరువు నడుగదని మా తలంపు. మొదటి యిరువురును చెరి 242.5 కిలోలెత్తిరి. రెండున్నర కిలోల లోటుతో ఆమెకు కాంస్యము దక్కెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారత వనిత ఆమెయే.