వేలిని ‘చూసే’ తెరలు

సూరత్‌లోని ఉధ్నా పారిశ్రామిక వాడలో అడుగుపెడితే మరమగ్గాల చప్పుడు చెవులను కమ్మేస్తుంది. ఆ షెడ్లలో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా సూరత్ వస్త్ర పరిశ్రమలో పనిచేస్తున్నాయి. తెగిన పోగును వెతికి ముడివేయడం, కండెలు మార్చడం, పడుగు సరిచూడడం... రోజంతా పని వేళ్ల కొసలదే. అవే వేళ్లు ఇప్పుడు కొత్తరకం మగ్గాల టచ్ ప్యానెల్‌నూ, జేబులోని ఫోన్‌నూ, రేషన్ దుకాణంలోని వేలిముద్ర యంత్రాన్నీ తాకాలి. దారం రాపిడికి అరిగిన వేలిని, తడిసిన వేలిని యంత్రం గుర్తించకపోతే పని ఆగుతుంది. ఒక్కోసారి ఇంటికి రావలసిన బియ్యమూ ఆగుతాయి.

ఇంతకీ మనం తాకిన సంగతి తెరకు ఎలా తెలుస్తుంది?

విద్యుత్తుతో ఒక దారి

మన ఫోన్లలో ఉండేవి కెపాసిటివ్ తెరలు. గాజు కింద పారదర్శకమైన విద్యుత్ వాహకాల వల ఉంటుంది. మన శరీరం కూడా విద్యుత్ వాహకమే కాబట్టి, వేలు దగ్గరకు రాగానే అక్కడి విద్యుత్ క్షేత్రం మారుతుంది. చిప్ ఆ మార్పును కొలుస్తుంది. చేతికి మందపాటి తొడుగు ఉంటే ఆ మార్పు బలహీనపడుతుంది. తెరపై నీళ్లు నిలిస్తే వాటినే వేలు అనుకొని పొరబడవచ్చు. నీటి ధారతో పేకను పంపే వాటర్‌జెట్ మగ్గాల దగ్గర ఇది చిన్న ఇబ్బంది కాదు. అందుకే యంత్రాల ప్యానెళ్లలో, నొక్కితే పనిచేసే రెసిస్టివ్ తెరలు ఇప్పటికీ కనిపిస్తాయి.

కాంతితో మరో దారి

కాంతితో స్పర్శను పసిగట్టడం పాత ఆలోచనే. 1972లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తెచ్చిన ‘ప్లేటో-4’ కంప్యూటర్ తెర చుట్టూ పరారుణ కిరణాల చట్రం ఉండేది. వేలు అడ్డొచ్చిన చోట కిరణం తెగేది.

తర్వాత ఆ సెన్సర్లను తెర లోపలికే తెచ్చారు. ఎల్‌సీడీలో ప్రతి పిక్సెల్‌నూ నియంత్రించే ట్రాన్సిస్టర్లను సాధారణంగా సిలికాన్ పలుచని పొరతో చేస్తారు. ఆ పొరపై వెలుతురు పడితే కొద్దిగా విద్యుత్తు లీకవుతుంది. తయారీదారులకు ఇది తలనొప్పి. అందుకే ఆ భాగాన్ని నల్లటి పొరతో కప్పుతారు. ఇంజినీర్లు ఆ తలనొప్పినే పనికి పెట్టారు. కొన్ని భాగాలను కప్పకుండా వదిలి, కాంతి సెన్సర్లుగా మార్చారు. షార్ప్ సంస్థ 2007లో ఇలాంటి తెరను ప్రకటించింది.

ఈ సెన్సర్లు రెండు రకాలుగా పనిచేస్తాయి. మొదటిది నీడ: గదిలోని వెలుతురుకు వేలు అడ్డుపడితే కింద చీకటి మచ్చ ఏర్పడుతుంది. రెండోది పరావర్తనం: తెర వెనుక దీపం కాంతి వేలికి తగిలి వెనక్కి వస్తే వెలుగు మచ్చ ఏర్పడుతుంది. చీకటి గదిలో మొదటి పద్ధతి పనిచేయదు. ఎండలో రెండోది తడబడుతుంది. అందుకే పరారుణ కాంతిని వాడే తెరలు వచ్చాయి. 2012లో మార్కెట్లోకి వచ్చిన శామ్‌సంగ్, మైక్రోసాఫ్ట్‌ల ‘ఎస్‌యూఆర్40’ 40 అంగుళాల బల్ల అలాంటిదే. అది ఒకేసారి 50కి పైగా స్పర్శలను గుర్తించేది. వేలే కాదు, తెరపై ఉంచిన వస్తువునూ ‘చూసేది’. అయినా గదిలో వెలుతురు ఎక్కువైతే దానికీ ఇబ్బందే.

స్పర్శ నుంచి వేలిముద్ర దాకా

వేలు ఎక్కడుందో తెలియడానికి సెన్సర్ల మధ్య మిల్లీమీటరు దూరం ఉన్నా సరిపోతుంది. వేలిముద్రకు అది చాలదు. గీతకూ గీతకూ మధ్య దూరమే సుమారు అర మిల్లీమీటరు. అందుకే వేలిముద్రలకు అంగుళానికి 500 బిందువుల ప్రమాణం వాడుకలో ఉంది. అంటే బిందువుల మధ్య దూరం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. 2018 జనవరిలో వివో సంస్థ, ఓఎల్ఈడీ తెర కిందే కాంతి సెన్సర్ అమర్చిన ఫోన్‌ను చూపింది. తెర కాంతి వేలికి తగిలి, పిక్సెళ్ల సందుల్లోంచి వెనక్కి వచ్చి ముద్రను చూపుతుంది.

కార్యాలయాల్లో కనిపించే ప్రిజం రకం వేలిముద్ర యంత్రంలో సంపూర్ణాంతర పరావర్తనం పనిచేస్తుంది. గాజు నుంచి గాలిలోకి వెళ్లబోయే కాంతి, సుమారు 42 డిగ్రీల కన్నా ఎక్కువ కోణంలో తగిలితే తిరిగి గాజులోకే వస్తుంది. చర్మపు గీత గాజును అంటుకున్న చోట మాత్రం కాంతి బయటికి జారిపోతుంది. అక్కడ నల్లటి గీత పడుతుంది. వేలు ఎండిపోయి ఉంటే గాజుకూ చర్మానికీ మధ్య సన్నని గాలి పొర మిగిలిపోతుంది, గీత సరిగా పడదు. కాస్త తడి చేసి మళ్లీ పెడితే ఒక్కోసారి పనిచేయడానికి కారణం ఇదే. గీతలే అరిగిపోతే, ఎంత మంచి సెన్సర్‌కైనా చూడటానికి అక్కడ ఏమీ ఉండదు.

‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ పథకంలో తెలంగాణ కార్డుపై సూరత్‌లోనూ రేషన్ తీసుకోవచ్చు. వలస కుటుంబానికి ఇది పెద్ద ఆసరా. ఆ ఆసరాకు తాళంచెవి చాలాసార్లు వేలిముద్రే. ఆధార్ ధ్రువీకరణకు కనుపాప, ముఖం, ఓటీపీ దారులూ ఉన్నాయి. మగ్గం మీద అరిగిన వేళ్లకు కావలసింది మెరుగైన తెర ఒక్కటే కాదు, ఆ దారులూ దుకాణంలో తెరిచి ఉండాలి.