మీకు తెలుసా? ఖాట్మండులో ఏడుపును నవ్వించే జాతర

మన జంధ్యాల పౌర్ణమి మర్నాడు నేపాల్‌లోని ఖాట్మండు లోయ వీధుల్లోకి వస్తుంది. అదే గాయీ జాత్రా, అంటే ఆవుల జాతర. ఆ ఏడాది ఎవరినైనా పోగొట్టుకున్న ఇంటివాళ్లు ఒక ఆవును గానీ, ఆవు వేషం కట్టిన పిల్లవాణ్ని గానీ ఊరేగిస్తారు. వైతరణి దాటించేది గోవే అన్న నమ్మకం మనకూ కొత్త కాదు. దారి పొడవునా జనం ఆ పిల్లలకు పాలు, పళ్లు, చిల్లర అందిస్తారు.

భక్తపూర్‌లో జోరు మరీ ఎక్కువ. పొడవాటి వెదురు చట్రానికి గుడ్డ చుట్టి, గడ్డితో కొమ్ములు పెట్టి, పోయినవారి ఫొటో కట్టి భుజాన మోస్తారు. వాటి ముందు జనం వరసకట్టి, మన కోలాటంలా కర్రలు తాటిస్తూ ఆడతారు.

17వ శతాబ్దంలో కొడుకు పోయిన రాణిని ఓదార్చలేక, ఆమెను నవ్వించినవారికి బహుమానమని రాజు ప్రతాప మల్ల ప్రకటించాడట. ఈ జాతరలో వేషాలు, వెక్కిరింతలు అలా మొదలయ్యాయంటారు. పత్రికలపై ఆంక్షలున్న, పార్టీలు లేని పంచాయత్ పాలనలో (1960-1990) కూడా ఈ జాతర పేరుతో ఏలినవారిని ఎగతాళి చేసే వీలుండేది. దుఃఖంలో ఉన్న ఇంటివారిని ఊరంతా వీధిలో తమతో కలుపుకునే ఇలాంటి పండుగ చాలా అరుదు.