‘పుట్ అండర్’: మత్తుకు ముందు అడిగే ప్రశ్న

సౌదీ అరేబియా తూర్పు తీరంలోని జుబైల్‌లో శస్త్రచికిత్సకు వెళ్ళే తెలుగువారికీ, అక్కడి మత్తువైద్యుడికీ ఉమ్మడి భాష తరచు ఇంగ్లీషే. అది ఇద్దరికీ మాతృభాష కాకపోవచ్చు. “హావ్ యు ఎవర్ బీన్ పుట్ అండర్?” అన్న ప్రశ్న ఎదురైతే, రోజంతా ఇంగ్లీషులోనే పనిచేసే ఇంజనీరు సైతం ఒక్క క్షణం తడబడవచ్చు. పుట్ తెలుసు, అండర్ తెలుసు; రెండూ కలిస్తే వచ్చే అర్థం మాత్రం రెండింటిలోనూ కనిపించదు.

ఒక మనిషిని ‘పుట్ అండర్’ చేయడమంటే, మందులిచ్చి పూర్తిగా స్పృహ లేని స్థితికి తీసుకెళ్ళడం. ‘అండర్ అనస్తీషియా’ అన్న పదబంధంలో చివరి మాట రాలిపోగా మిగిలిన రూపంగా దీన్ని చూడవచ్చు. మునకను స్ఫురింపజేసే గుణమూ ఇందులో ఉంది. రోగి మత్తులోకి జారుకోవడం ‘గో అండర్’. ఈతరానివాడు నీట మునిగినా, వ్యాపారం దివాలా తీసినా అదే మాట. తిరిగి తెలివిలోకి రావడం ‘కమ్ రౌండ్’, లేదా ‘కమ్ టు’. కర్మపదం మధ్యలోనే రావాలి: ‘పుట్ ద పేషెంట్ అండర్’. వరుస మార్చి ‘పుట్ అండర్ ద పేషెంట్’ అంటే రోగి కింద దేన్నో పెట్టమన్నట్టు వినిపిస్తుంది. ‘పుట్ టు స్లీప్’ కూడా వాడుకలో ఉన్నదే గానీ, పెంపుడు కుక్క విషయంలో ఆ మాటకు అర్థం దయామరణం. పసిపిల్లల తల్లిదండ్రుల ముందు దాన్ని వాడకపోవడమే మర్యాద.

అసలు చిక్కు మన ‘మత్తు’తో వస్తుంది. పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే సూదీ మత్తే, సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చేదీ మత్తే, పూర్తిగా స్పృహ పోగొట్టేదీ మత్తే. 1846 నవంబరులో ఆలివర్ వెండెల్ హోమ్స్ సూచించిన ‘అనస్తీషియా’ పరిధి కూడా ఇంతే విశాలం. గ్రీకు మూలంలో దాని అర్థం అనుభూతి లేకపోవడం. ‘పుట్ అండర్’ మాత్రం స్పృహ పోగొట్టడానికే పరిమితం. కాబట్టి వెన్నులో సూది వేయించుకుని, బిడ్డ తొలి ఏడుపు చెవులారా విన్న తల్లి ఈ ప్రశ్నకు ‘ఎస్’ అంటే ఆ జవాబు తప్పు. చిన్నప్పుడు పూర్తి మత్తులో అపెండిక్స్ తీయించుకున్నవాడు అర్థంకాక ‘నో’ అంటే అది మరింత ప్రమాదం. శ్వాసనాళంలో గొట్టం వేయడం కష్టమైందా, మత్తులో ఒళ్ళు విపరీతంగా వేడెక్కిందా అన్న తరువాతి ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. ఆ వేడెక్కే గుణం, మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా, వంశపారంపర్యంగా వస్తుంది, ప్రాణం తీయగలదు.

మత్తు ప్రమాదాల చర్చ తెలుగునేలకు కొత్తకాదు. క్లోరోఫాంతో మరణించేవారిలో ముందు ఆగేది శ్వాసా, గుండెా అని తేల్చడానికి నిజాం ధనసహాయంతో 1888, 1889లలో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. వాటి వెనక ఉన్న ఎడ్వర్డ్ లారీ శ్వాసనే గమనించమన్నాడు. క్లోరోఫాం గుండెనూ నేరుగా ఆపగలదని తరువాతి పరిశోధనలు చూపాయి.

జుబైల్ ఆసుపత్రిలో అరబ్బు నర్సు నోట ‘బంజ్’ అని వినిపిస్తే అదీ మత్తుమందే. పారశీక ‘బంగ్’ ద్వారా ఆ మాటకు మన భంగుతో చుట్టరికం చెబుతారు. ప్రశ్న ఏ భాషలో వచ్చినా, “జనరలా, స్పైనలా, లోకలా?” అని ఎదురు ప్రశ్న వేసి, ఏ సంవత్సరం, ఏ ఆపరేషన్ అన్నది చెప్పండి. మత్తు వికటించిన రక్తసంబంధీకులు ఎవరైనా ఉంటే, అడగకపోయినా చెప్పండి.