కానాగంతకు సొంతూరు లేదు

టెక్కలి మార్కెట్లో బుట్ట దింపుతూనే "మన భావనపాడు కానాగంతలండీ, రుచే వేరు" అంటారు. పొద్దున పడ్డ చేపకు రుచి ఎక్కువే, కాదనను. ఆ మాట పట్టుకుని మన చేప జాతే వేరనుకుంటేనే చిక్కు.

అపోహ: ఉద్దానం తీరం కానాగంత వేరు, కేరళ వాళ్ల అయిల వేరు.

వాస్తవం: రెండూ ఒకటే జాతి. వీపు మీద నల్ల చుక్కల వరస, ముందు రెక్క దగ్గర ఒక నల్ల మచ్చ అక్కడా ఇక్కడా అవే. శాస్త్రీయ నామంలోని 'కానాగుర్త' మన తీరం ఇచ్చిందే. విశాఖపట్నం చేపల మీద ప్యాట్రిక్ రసెల్ 1803లో వేసిన పుస్తకంలోంచి ఆ పేరును 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియె తీసుకున్నాడు.

జాతి ఒకటైనా మందలు వేరుగా ఉండొచ్చు కదా? అది డీఎన్‌ఏ చూసి తేల్చాల్సిందే. మలేసియా పరిసర సముద్రాల కానాగంతల మీద 2015లో వచ్చిన అధ్యయనం వాటిని విడివిడి గుంపులుగా విడదీయలేకపోయింది. గుడ్లు నీళ్లలో తేలుతూ పోతాయి, పిల్లలు ప్రవాహం ఎటు లాగితే అటు, పెద్దవి మందలుగా తిరుగుతూనే ఉంటాయి. ఇక గోడ ఎక్కడ నిలుస్తుంది? మంచు యుగాల కాలంలో వీటి సంఖ్య బాగా పెరిగిన ఆనవాలు కూడా ఆ డీఎన్‌ఏలోనే దొరికింది.

అపోహ: నూనె కవ్వలు (ఆయిల్ సార్డీన్) తాతల నాటి నుంచీ ఇక్కడివే.

వాస్తవం: 1985 దాకా దేశంలో వీటి వేట దాదాపు అంతా మలబారు వైపే. వానాకాలంలో అక్కడ అడుగునున్న చల్లనీరు పైకొచ్చి మేత పెంచుతుంది. తూర్పు తీరంలో జోరుగా పడటం ఆ తర్వాతి ముచ్చట. మన తాతలు తిన్న కవ్వలు ఎక్కువగా వేరే రకాలు.

అపోహ: వల నిండుతుంటే జాతికి ఢోకా లేదు.

వాస్తవం: న్యూజిలాండ్‌లోని టాస్మన్ బేలో స్నాపర్ చేపల పొలుసులను 1950 నుంచి దాచారు. 1998 దాకా ఉన్న ఆ పొలుసుల్లోని డీఎన్‌ఏ పోల్చి చూస్తే వైవిధ్యం తగ్గుతూ వచ్చింది. నీళ్లలో చేపలు లక్షల్లో ఉన్నా, వంశం నిలిపినవి వందల్లోనే అని తేలింది. తల్లులు ఎన్ని పెట్టినా, ఏ కొద్దిమంది గుడ్లకో ఆ ఏడు నీళ్లూ మేతా కలిసొస్తాయి.

దీన్ని చదివి, వేట పడిపోతే జన్యువులూ పోయినట్టేనని తీర్మానించడం ఇంకో తప్పు. చల్లనీటి కాడ్ చేపల వేటను కెనడా న్యూఫౌండ్‌లాండ్ దగ్గర 1992లో ఆపేసింది. అక్కడి కాడ్‌ను, నార్వే కాడ్‌ను పాత నమూనాలతో (నార్వేవైతే 1907 నాటివి) పోల్చిన 2021 పరిశోధనలో జన్యు వైవిధ్యం పెద్దగా తగ్గలేదు. అయినా మందలు త్వరగా కోలుకోలేదు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవలు ఆగుతాయి. న్యూఫౌండ్‌లాండ్‌లో నిషేధం ఎత్తేసరికి 2024 వచ్చింది.